కాల్షియం లేని ట్యూబుకు పసుపు రంగు

2022 ఏప్రిల్. కరోనా సెలవులన్నీ ముగిసి ల్యాబులు మళ్ళీ పూర్తిగా తెరుచుకున్న ఏడాది. కర్నూలులో మా బయోకెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్‌లో కిటికీలు మూసినా వేడే, తెరిచినా వేడే. అప్పటికి నేను అక్కడ పాఠాలు చెప్పడం మొదలుపెట్టి ఇరవై ఏళ్ళు దాటింది. నాకు కోపం ఎక్కువని పిల్లలు వెనకాల అనుకుంటారు. ముందర అన్నా నాకేం అభ్యంతరం లేదు, అది నిజమే కాబట్టి. కానీ ఇప్పుడు చెప్పబోయే విషయంలో నాకు కోపం రావడం తప్పని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోను. ఇన్నేళ్ళైనా తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళు "ఏం చదువు చెప్తారు మేడం" అని అడుగుతారు. బయోకెమిస్ట్రీ అంటే "ఓహో, రక్తపరీక్షలా" అంటారు. కాదు. కణాల లోపల ఏ పదార్థం దేనితో కలిసి ఏం పని చేస్తుందో కనిపెట్టడం మా పని. నసీమా చేసిన పని అర్థం కావాలంటే దాని గురించి కొంచెం చెప్పాలి, ఓపిక పట్టండి.

కాల్షియం అనగానే మనకు ఎముకలు, పాలు గుర్తొస్తాయి. కణం లోపల దాని పని వేరు. అక్కడ అది కబురు మోసుకొచ్చే మనిషి. మామూలుగా కణం తన లోపల కాల్షియాన్ని చాలా తక్కువగా ఉంచుకుంటుంది. ఏదైనా అవసరం పడినప్పుడు కొద్దిగా పెరగనిస్తుంది. అలా పెరిగిన కాల్షియాన్ని పట్టుకునే ప్రోటీన్లు కొన్ని ఉంటాయి. అందులో కాల్మోడ్యులిన్ ఒకటి. కాల్షియం దొరకగానే దీని ఆకారం మారిపోతుంది, అప్పుడు వెళ్ళి కొన్ని ఎంజైములను తట్టి లేపుతుంది. ఎంజైమ్ అంటే కణంలో రసాయన పనులు చేసిపెట్టే ప్రోటీన్. కాలేయంలో ఇంకో ప్రోటీన్ కూడా బాగా ఉంటుంది, దాని పేరు రెగ్యుకాల్సిన్. ఇదీ కాల్షియాన్ని పట్టుకునేదే, కానీ లేచిన ఎంజైమును కూర్చోబెడుతుంది. ఇదంతా కాలేయ కణం న్యూక్లియస్‌లో, అంటే జన్యువులు ఉండే చోట కూడా జరుగుతుంది. లేపేవాడు లేకపోతే కబురు వచ్చినా పని జరగదు. కూర్చోబెట్టేవాడు లేకపోతే పని ఆగదు, కణం అదుపు తప్పుతుంది. ఆ లేపడం, కూర్చోబెట్టడం ఎంతెంతో కొలవడమే నసీమా పీహెచ్‌డీ.

నసీమాది ఓర్వకల్లు దగ్గర ఒక పల్లె. రోజూ బస్సులో వచ్చేది. వాళ్ళ నాయనకు రోడ్డు పక్కన బైకులు రిపేరు చేసే షాపు ఉంది. ఎమ్మెస్సీ నా దగ్గరే చదివింది. మాట తక్కువ, పని ఎక్కువ. పీహెచ్‌డీకి ఆమె పెద్ద గైడ్ మా డిపార్ట్‌మెంట్ హెడ్ సార్, రెండో గైడ్ నేను.

మేక కాలేయం కోసం ఆమె పొద్దున్నే ఐసు డబ్బా పట్టుకుని పాత ఊరి మటన్ మార్కెట్‌కు పోయేది. అక్కడి షాపాయన "ఏం పాపా, దినామూ కలేజీనేనా? ఇంట్లో ఇంకో కూర చెయ్యరా?" అని ఆటపట్టించేవాడట. తెచ్చిన కాలేయాన్ని చల్లటి చక్కెర ద్రావణంలో మెత్తగా చేసి, సెంట్రిఫ్యూజ్‌లో పెట్టి గిరగిరా తిప్పితే బరువైన న్యూక్లియస్‌లు అడుగున చేరతాయి. వాటిని తీసి మూడు రకాల ట్యూబుల్లో పోస్తుంది. మొదటిదాంట్లో కాల్మోడ్యులిన్ ఉంటుంది, కాల్షియం ఉండదు. దాన్ని కంట్రోల్ అంటాం, అంటే మిగతావాటిని పోల్చి చూసుకునే ట్యూబు. రెండోదాంట్లో కాల్షియం కూడా కలుపుతుంది. మూడోదాంట్లో వాటికి తోడు రెగ్యుకాల్సిన్ వేస్తుంది. ఆమె ఎంచుకున్న ఎంజైమ్ పేరు ఫాస్ఫటేజ్. అది లేచి పని చేస్తే ట్యూబులోని ద్రావణం పసుపు రంగుకు తిరుగుతుంది. ఎంత పసుపో యంత్రం కొలిచి చెబుతుంది. మొదటి ట్యూబు నీళ్ళలా ఉండాలి, రెండోది పసుపు పచ్చగా మారాలి, మూడోదాంట్లో ఆ పసుపు తగ్గాలి.

ఈ పనిలో మాకు పెద్ద శత్రువు బయటి కాల్షియం. గాజుకు, నీళ్ళకు, చేతికి అంటుకుని ఎక్కడినుంచైనా వచ్చేస్తుంది. అందుకని హెడ్ సార్ ఒక పద్ధతి పెట్టాడు. గాజు ట్యూబులన్నీ పలచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో నానబెట్టాలి, ఒక్కసారి డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి తీయాలి, బెంచీ మీద బోర్లించి ఆరబెట్టాలి. ఒక్కసారే ఎందుకంటే, డిస్టిల్డ్ వాటర్ తీసే యంత్రం చల్లబడాలంటే కుళాయి నీళ్ళు ధారగా పారుతూ ఉండాలి. మా ఊరి ఎండాకాలంలో కుళాయి ఎప్పుడొస్తుందో, ఎంతసేపుంటుందో దేవుడికే తెలియాలి. కాబట్టి ఆ నీళ్ళను నెయ్యిలా వాడేవాళ్ళం. ఇక బెంచీలంటారా, నల్లటి కడప బండలు. మా సీమలో వంటింటి గట్టు కడప బండ, అల్మారా అరలు కడప బండ, అరుగు కడప బండ, ల్యాబు బెంచీ కూడా కడప బండే. కళ్ళ ముందే ఉంటుంది కాబట్టి దాని గురించి ఎవరూ ఆలోచించరు.

నసీమా కంట్రోల్ ట్యూబు మొదటి రోజు నుంచీ పచ్చగా వచ్చింది. కాల్షియం వేసిన ట్యూబు ఎంత పసుపో వేయనిదీ అంతే పసుపు. మళ్ళీ చేసింది, అలాగే వచ్చింది. కొత్త కాలేయం తెచ్చింది, కొత్తగా మందులు, అంటే రసాయనాలు, కలిపింది, ట్యూబులను యాసిడ్‌లో ఇంకా ఎక్కువసేపు నానబెట్టింది. పసుపు ఇంకా పెరిగింది! అది రంజాన్ నెల. ఉపవాసం ఉంటూ, ఆ ఎండలో బస్సు దిగి వచ్చి, మెడ వంచుకుని అదే పని పదే పదే చేసేది.

ఒకరోజు హెడ్ సార్ మా ఇద్దరినీ గదిలోకి పిలిచాడు.

"ఏం నసీమా, కంట్రోల్ ఇంకా పసుపుగానే వస్తాండాదా?"

"అవును సార్. నిన్న గూడ చేసినా. అట్లే వస్తాండాది."

"ఇట్ల చూడమ్మా. కాల్షియం లేకుండా ఆ ఎంజైమ్ లేవదు. అది లోకమంతా తెలిసిన సంగతి. కంట్రోల్ ఎంత రావాలో నీకు తెలుసు గదా?"

"తెలుసు సార్."

"మరింకేంటికి ఆలస్యం? తెలిసిన నంబరు రాసుకొని ముందుకు పో. ఎన్ని దినాలు ఈడనే కూర్చుంటావు?"

నసీమా నా వైపు చూసి, మళ్ళీ ఆయన వైపు తిరిగింది. "నాకు ఆ నంబరు రాలేదు గదా సార్."

"రాకపోతే వచ్చినట్ల రాయి. నా దగ్గర పీహెచ్‌డీ చేసినోళ్ళందరికీ కంట్రోల్ నీళ్ళ మాదిరి వచ్చినాది. నీకొక్కదానికే రాలేదంటే నీ చెయ్యే సరిగ్గా లేదు."

నేను ఊరుకోలేకపోయాను. "సార్, మీరు ఏం మాట్లాడుతున్నారో మీకు తెలుస్తోందా? చదువుకునే పిల్లకు దొంగ నంబరు రాయమని గైడే చెప్తే ఇంక మనమెందుకు ఇక్కడ?"

ఆయన నవ్వాడు. "మేడం, మీరు ఊరికే ఎమోషనల్ అవుతారు" అన్నాడు. మగవాళ్ళకు జవాబు దొరకనప్పుడల్లా ఆడవాళ్ళం ఎమోషనల్ అయిపోతాం, అదేం విచిత్రమో!

నసీమా ఆ నంబరు రాయలేదు. వచ్చినవి వచ్చినట్టే రాసి, డాక్టోరల్ కమిటీ ముందు పెట్టింది. పీహెచ్‌డీ చేసేవాళ్ళ పని ఎంతవరకు వచ్చిందో అప్పుడప్పుడు కూర్చుని చూసే కమిటీ అది. దానికి అధ్యక్షుడు వేరే ఊరి నుంచి వచ్చే ఒక పెద్దాయన. పిల్ల నిలబడి కాగితాలు చూపించింది. అప్పుడు మా హెడ్ సార్ గొంతు సవరించుకుని చెప్పిన మాట నేను చచ్చేదాకా మర్చిపోను.

"చూడండి సార్. కంట్రోల్ వరుస, కాల్షియం వరుస, రెండూ దాదాపు ఒకటే మాదిరి ఉండాయి. ఇట్ల ఎట్ల వస్తాది? ఒక వరుస చేసి, రెండోది దాన్ని చూసి రాసేసినాది. చెయ్యకుండానే రాసిన లెక్కలు ఇవి."

వినండి. చెయ్యని నంబరు రాయమని చెప్పిన మనిషి, రాయనన్న పిల్లను పట్టుకుని, చెయ్యకుండా రాసిందని కమిటీ ముందు నింద వేశాడు. నేను లేచి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన "నేనట్ల అనలేదు, పాప తప్పుగా అర్థం చేసుకున్నాది, మేడం దాన్ని పెద్దది చేస్తాండారు" అన్నాడు. అధ్యక్షుడు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. చివరికి తేల్చింది ఏమిటంటే, వచ్చే సమావేశంలోగా ఆ పసుపు ఎందుకు వచ్చిందో నసీమా చూపించాలి. చూపించలేకపోతే రిజిస్ట్రేషన్ రద్దు, కారణం లెక్కలు సృష్టించడం. మా చదువుల్లో ఆ మాట ఒకసారి పేరు పక్కన పడితే ఇంకే యూనివర్సిటీ గడప తొక్కనివ్వదు. పీహెచ్‌డీ పోవడమే కాదు, ఎక్కడా లెక్చరర్‌గా కూడా తీసుకోరు.

ఆ వారంలోనే వాళ్ళ నాయన బాషా నన్ను వెతుక్కుంటూ కాలేజీకి వచ్చాడు. చేతులకు గ్రీజు మరకలు ఇంకా పోలేదు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"అమ్మా, మీ ల్యాబులో ఏం చేస్తారో నాకు తెలీదు. మా పాప దొంగలెక్కలు రాసిందంట, బయట అంటాండారు. నిజమా తల్లీ?"

"నిజం కాదన్నా."

"అది చిన్నప్పట్నించి రోజా ఉంటాది. ఈ ఎండల్లో, ఇంట్లో ఎవరూ లేనప్పుడు గుక్కెడు నీళ్ళు తాగితే ఎవరికి తెలుస్తాది? తాగదమ్మా. అట్లాంటి బిడ్డ, ఎవరూ చూడలేదని దొంగలెక్క రాస్తాదా?"

నేను కుర్చీని ఆయన వైపు ఇంకాస్త జరిపాను. అయినా కూర్చోలేదు.

"చాల్లే, ఇంటికి వచ్చెయ్ అని చెప్పినా. రానంటాది. దొంగ అనిపించుకొని ఎట్ల వస్తా నాయనా అంటాది. మీరే ఏదన్నా చెయ్యాల."

"చేస్తానన్నా. మీరు పోయి షాపు చూసుకోండి" అన్నాను. ఏం చేస్తానో నాకే తెలియదు. ఆయన వెళ్ళిపోయాక తలుపు మూసుకుని కాసేపు ఏడ్చాను, బాధతో కాదు, కోపంతో. ఒక తండ్రి తన బిడ్డ దొంగ కాదని నాకు వచ్చి చెప్పుకోవాల్సిన ఖర్మ ఏమిటి? అసలు ఆ మాట అన్నవాడు హాయిగా ఏసీ గదిలో కూర్చుని టీ తాగుతున్నాడు.

మర్నాడు నసీమాను కూర్చోబెట్టి చెప్పాను. "నువ్వు చేసింది సరిగ్గానే ఉందని నేను నమ్ముతున్నా. అయితే ఆ ట్యూబులో కాల్షియం లేదని మనం అనుకుంటున్నాం. నిజంగా లేదా? ముందు అది తేల్చుదాం."

దానికి మా దగ్గర ఒక మందు ఉంది, ఈజీటీఏ అంటారు. ద్రావణంలో కాల్షియం ఉంటే దాన్ని గట్టిగా పట్టేసుకుని ఎవరికీ అందనివ్వదు. కంట్రోల్ ట్యూబులో అది వేసి చూశాం. పసుపు రాలేదు. అంటే ఎంజైముకు పిచ్చి పట్టలేదు, నసీమా చేతిలోనూ తప్పు లేదు. ఆ ట్యూబులోకి ఎక్కడినుంచో నిజంగానే కాల్షియం చేరుతోంది, కాల్మోడ్యులిన్ దాన్ని పట్టుకుని ఎంజైమును లేపుతోంది. ప్రోటీన్లు తమ పని తాము నిజాయితీగా చేస్తున్నాయి.

నేను సంబరంగా పోయి హెడ్ సార్‌కు చెప్పాను. ఆయన తల కూడా ఎత్తలేదు. "అయితే ఆ పాపే కలిపి ఉంటాది, రెండు ట్యూబులకూ" అన్నాడు. అక్కడే ఉన్న పేపర్‌వెయిట్ వైపు నా చెయ్యి పోయిందని చెప్పడానికి నాకు సిగ్గేమీ లేదు.

ఎక్కడినుంచి వస్తోంది? మొదట నీళ్ళను అనుమానించాం. మా బోరు నీళ్ళు కాచిన గిన్నెకు తెల్లటి పెచ్చు కడుతుంది, అంత సున్నం ఉంటుంది వాటిలో. డిస్టిల్డ్ వాటర్‌ను పరీక్ష చేశాం. అది శుభ్రంగా ఉంది. మందుల సీసాలు ఒక్కొక్కటే చూశాం. అవీ బాగానే ఉన్నాయి. సమావేశం దగ్గర పడుతోంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం మా ఆయన మజ్జిగలోకి నిమ్మకాయ పిండుకుని, పిండిన చెక్కలను వంటగట్టు మీద బోర్లించి పోయాడు. నేను వెళ్ళి చెక్కను ఎత్తితే నల్లటి బండ మీద తెల్లగా గుండ్రటి మచ్చ. "ఎన్నిసార్లు చెప్పాలండీ మీకు, బండ మీద నిమ్మచెక్క పెట్టొద్దని! పులుపు తగిలితే బండ తినేస్తుందని తెలీదా?" అని అరిచాను. అరుస్తూనే ఆగిపోయాను. ఆ గుండ్రటి మచ్చ లాంటివి నేను రోజూ ఇంకో చోట చూస్తున్నాను. ల్యాబులో, కిటికీ పక్కన, ట్యూబులు బోర్లించే చోట.

కడప బండ అంటే సున్నపురాయి. సున్నపురాయి అంటే కాల్షియమే. యాసిడ్ తగిలితే అది కరుగుతుంది. సగం సగం కడిగిన ట్యూబు మూతికి ఇంకా యాసిడ్ చుక్క ఉంటుంది. దాన్ని తీసుకెళ్ళి బండ మీద బోర్లిస్తున్నాం. ఆ చుక్క బండను కరిగించి, ఆ కాల్షియాన్నే మూతికి పూసుకుని ఆరిపోతోంది. కంటికి ఏమీ కనబడదు. తర్వాత నసీమా ట్యూబు మూతికి పల్చటి మైనపు కాగితం బిగించి, తలకిందులు చేసి కలిపితే అంతా లోపలికి దిగిపోతోంది. కాల్షియం పోగొట్టాలని ఆమె యాసిడ్‌లో ఎంత ఎక్కువ నానబెడితే అంత కాల్షియం ఎక్కించుకుంటున్నామన్నమాట! ఆ తెల్లటి వలయాలు కనబడకూడదని మా అటెండర్ వారానికోసారి బండకు నూనె రాసేవాడు. వాటిని అందరం చూశాం, బండ పాడవుతోందనుకున్నాం తప్ప అది ఎక్కడికి పోతోందని అనుకోలేదు.

సోమవారం ట్యూబులు నేనే కడిగాను. సగం బండ మీద బోర్లించాను. సగం బాగా నీళ్ళలో జాడించి, ప్లాస్టిక్ బుట్టలో శుభ్రమైన కాగితం మీద బోర్లించాను. వాటికి ఏవేవో అంకెలు వేసి, ఏది ఎక్కడ ఆరిందో నసీమాకు చెప్పకుండా చేతికిచ్చాను. రేపు ఎవరూ వేలెత్తి చూపకూడదు కదా. ఆమె అన్నిటిలోనూ కాల్షియం లేని ద్రావణమే పోసింది. కొన్ని పచ్చగా తిరిగాయి, కొన్ని నీళ్ళలాగే ఉండిపోయాయి. పచ్చగా మారినవన్నీ బండ మీద ఆరినవే.

"మేడం, నీళ్ళ మాదిరి ఉండాది!" అని ఒక ట్యూబును వెలుగులోకి ఎత్తి పట్టుకుంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. బెంచీ దగ్గరికి పోయి ఆ బండను అరచేత్తో గట్టిగా చరిచింది. "ఇన్ని దినాలు నా చేతులనే తిట్టుకుంటాండా మేడం" అంది.

కమిటీ కూర్చుంది. నసీమా నెమ్మదిగా, తడబడకుండా చెప్పింది. బండ మీద ఒక యాసిడ్ చుక్క వేసి బుసబుస పొంగడం చూపించింది. ట్యూబులు చూపించింది. అధ్యక్షుడు ముందుకు వంగి చూసి, "బాగుందమ్మా, మంచి పని చేసినావు" అన్నాడు. హెడ్ సార్ కూడా తల ఊపి, "అదే, నేను అనుకుంటానే ఉండా, గాజు కడగడంలో ఏదో తేడా ఉండాదని" అన్నాడు. ఆహా, ఎంత చల్లటి మాట! అక్కడితో అయిపోయేదే. అందరూ లేవబోతున్నారు. నాకు నోరు ఊరుకోదు కదా.

"సార్, ఒక్క మాట. ఈ బండలు ఎప్పుడు వేశారు?"

"డిపార్ట్‌మెంట్ పెట్టినప్పుడు" అన్నాడు హెడ్ సార్.

"ట్యూబులు కడిగే ఈ పద్ధతి ఎవరు పెట్టారు?"

"నేనే. ఏంటికి మేడం?"

"అదే బండ, అదే యాసిడ్, అదే ఒక్కసారి ముంచడం. మరి ఇన్నేళ్ళుగా మీ దగ్గర చేసినవాళ్ళందరికీ కంట్రోల్ ట్యూబు నీళ్ళ మాదిరి వచ్చిందన్నారు కదా. ఎట్లా వచ్చింది సార్?"

హెడ్ సార్ ముఖం నల్లబడింది. అందరూ దొంగలని నేననను. ఎవరైనా ఎక్కువ నీళ్ళతో కడుక్కుని ఉండొచ్చు, ఎవరైనా ఈజీటీఏ వేసి ఉండొచ్చు. అడగాలి కదా! పెద్దాయన కాగితాలు సర్దుకుంటూ, "మేడం, అది ఈ రోజు అజెండాలో లేదు" అన్నాడు. ఆ తర్వాత జరిగిన ఏ సమావేశంలోనూ అది అజెండాలోకి రాలేదు. నేను రాతపూర్వకంగా రెండుసార్లు అడిగాను, గోడకు చెప్పుకున్నట్టే అయింది. పిల్ల తప్పు లేదని తేల్చి రిజిస్ట్రేషన్ ఉంచారు. దొంగ అన్న మాటకు క్షమించమని మాత్రం ఒక్కరు కూడా అనలేదు.

బయట వరండాలో హెడ్ సార్ నసీమాను ఆపాడు. నేను పక్కనే ఉన్నాను. "చూసినావా పాపా, ఆ దినం నేను రాయమన్న నంబరే కరెక్టు అయింది. అప్పుడే విని ఉంటే ఇంత రామాయణం ఉండేది గాదు" అన్నాడు. నిజంగా అన్నాడు, నవ్వుతూ.

నసీమా దించిన తల ఎత్తింది. "నంబరు కరెక్టే సార్. కానీ ఆ దినం అది నా ట్యూబులో లేదు."

ఆ మనిషికి ఆ మాట అర్థమైందో లేదో నాకు తెలియదు. నాకు మాత్రం ఆ రాత్రి అన్నం సహించలేదు. ఎందుకంటే ఆయన చెప్పింది నిజమే. బుట్టలో ఆరబెట్టిన ట్యూబుల్లో కంట్రోల్‌కు వచ్చిన నంబరు ఆయన ఊరికే రాసుకోమన్న నంబరుకు అటూ ఇటూగానే ఉంది.

ఆ తర్వాత నసీమా పని చకచకా సాగింది. పెద్ద గైడ్‌గా నన్ను మార్చమని కమిటీకి అర్జీ పెట్టుకుంది, మార్చారు. కాల్షియం వేస్తే కాల్మోడ్యులిన్ ఎంజైమును లేపడం, రెగ్యుకాల్సిన్ దాన్ని కూర్చోబెట్టడం, రెండూ స్పష్టంగా కొలిచింది. పోయిన ఏడాది వైవా జరిగింది. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు థీసిస్ తిరగేస్తూ ఒక చోట ఆగాడు. "ఈ మొదటి పట్టికలో కంట్రోల్ అంతా చెడిపోయింది కదమ్మా. తర్వాత మంచివి వచ్చాక ఇది తీసేయొచ్చు కదా, ఎందుకు పెట్టావు?" అన్నాడు.

"అది గూడ నాకు వచ్చిందే సార్" అంది నసీమా. "ఇట్లాంటి బండల మీద పని చేసేటోళ్ళు ఇంకా శానా మంది ఉంటారు. వాళ్ళ ట్యూబు పచ్చగైతే వాళ్ళను ఎవరూ దొంగ అనకూడదు."

వెనక బెంచీలో కూర్చున్న బాషాకు ఇంగ్లీషులో జరిగిన మిగతా వైవా ఏమీ అర్థం కాలేదు కానీ, తెలుగులో అన్న ఆ మాట అర్థమైంది. తుండుగుడ్డతో ముఖం తుడుచుకున్నాడు.

ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను నేర్చుకున్నవి చాలా ఉన్నాయి, ఇది మాత్రం కోపంతో నేర్చుకున్నాను. దొంగ నంబరు ఎప్పుడో ఒకప్పుడు దొరికిపోతుందని పిల్లలకు చెబుతుండేదాన్ని. ఇప్పుడు అలా చెప్పను. దొంగ నంబరు తప్పైతేనే దొరుకుతుంది. అది ఒప్పు నంబరైతే ఎవరూ పట్టుకోలేరు, రాసినవాళ్ళు డాక్టర్లై మన మధ్యే తిరుగుతారు. అప్పుడు పట్టుబడేది నిజం రాసిన పిల్ల ఒక్కతే.